కుడి వరస పందులు

చిన్నప్పటి నుంచీ ఆమెను అందరూ మిరపకాయ అనేవారు. మాట అంత ఘాటు. మొగుడు పోయాక పందుల షెడ్డును ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఏటా ఒకటే బెడద. పుట్టిన పిల్లలకి వైరస్ సోకి, నీళ్లలా పారుకుని, పాలు తాగుతూ తాగుతూనే వాడిపోయి చచ్చేవి.

అలాంటప్పుడు పశువుల మందుల పరిశోధనశాలలో పనిచేసే తమ్ముడు సీసాలు పట్టుకొచ్చాడు.

"సూదులక్కర్లేదక్కా, దాణాలో కలిపి పెడితే చాలు. ఇందులో ఉన్నది బ్యాక్టీరియా. జబ్బు చెయ్యకుండా దాని జోరు తగ్గించాం. ఆ వైరస్ తాలూకు చిన్న ముక్కను మోసుకుని కడుపులోకి పోతుంది. దాన్ని చూసి ఒళ్లు ముందే కాచుకుంటుంది. చూలు పందికి పెడితే ఆ కాపుదల పాలతో పిల్లలకీ వస్తుంది."

"కోరలు పీకిన పామన్నమాట."

"అంతే."

తెల్ల మూత సీసాలు ఎడమ వరస గదులకి, నీలం మూతవి కుడి వరసకి అన్నాడు. అలా ఎందుకని అడిగితే, "రెండూ మందే, మోతాదు తేడా" అన్నాడు. తోడబుట్టినవాడి మాట కదా, ఆమె మళ్లీ అడగలేదు.

పందులు ఈనాయి. కొద్దిరోజులకే జబ్బు వచ్చిపడింది. ఎడమ వరస పిల్లలు కాస్త నలతపడి తేరుకున్నాయి. కుడి వరసలో ఒక్కటీ మిగల్లేదు. గోనెలు పరిచింది, వెచ్చగా దీపాలు పెట్టింది, చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పోసింది. ఒక తల్లిపంది పాలు చేపుకొచ్చి, తాగే పిల్ల లేక గోడకు ఒళ్లు రాసుకుంటుంటే చూడలేక బయటికొచ్చేసింది.

తమ్ముడు మాత్రం వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. "అక్కా, మందు పనిచేసింది."

"కుడివైపు ఎందుకు పనిచెయ్యలేదు?"

"ఆ నీలం మూత సీసాల్లో మందు లేదక్కా. ఉత్త నీళ్లే. కొన్నిటికి ఇవ్వకుండా పోల్చి చూస్తేనే, మందు వల్ల బతికాయని తేలేది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో పారను గోడకేసి కొట్టింది.

"పోల్చుకోవద్దన్నానా? అడిగుంటే రెండు గదులు నేనే చూపించేదాన్నేమో. నా చేత్తోనే ఉత్త నీళ్లు కలిపి పెట్టించి మందని నమ్మించావు. పరాయివాడైతే మోసగాడనేదాన్ని. నిన్నేమనాలి?"

"చెబితే ఒప్పుకోరని మా పరిశోధనశాల పెద్ద డాక్టరే..."

"పెద్ద డాక్టరు నాతోపాటు ఒకే కడుపున పుట్టలేదురా."

మర్నాడు ఆ పెద్ద డాక్టరు గదిలోనే కూర్చుంది. శాస్త్రం కోసం తప్పదన్నాడాయన.

"చెప్పడానికి శాస్త్రానికి నోరు లేదా?" అంది. ఇకమీదట పందులు పెంచేవాళ్లందరికీ, కొన్ని సీసాల్లో మందుండదని ముందే మొహం మీద చెప్పాలి. ఒకసారి ఉత్త నీళ్లు పడిన పందులకి మరుసటి ఈతకి మందే పడాలి. ఈ రెంటికీ ఒప్పుకుంటేనే తన గేటు తెరుస్తానంది. ఆయన మొహం ముడుచుకునే ఒప్పుకున్నాడు.

ఆ చెప్పే పని తమ్ముడికే అప్పజెప్పించింది. వాడు షెడ్డు షెడ్డుకీ తిరుగుతుంటే చేతులు కట్టుకుని వెనకే నడిచింది. కొందరు తిట్టి పంపారు. కొందరు, పోనీ నిజం చెప్పాడు, చూద్దామన్నారు.

మరుసటి ఈతలో కుడి వరస పిల్లలూ బతికాయి. మందు మంచిదేనని అడిగినవాళ్లకల్లా ఆమే చెబుతోంది. తమ్ముడొస్తే గేటు దగ్గరే సీసాలు అందుకుంటుంది. లోపలికి రమ్మని మాత్రం ఇప్పటికీ అనలేదు.