బండి మీద భజన

నా బండి హ్యాండిల్‌కు ఒక చిన్న స్పీకర్ ఉండేది. పాత సైకిల్ ట్యూబు కోసి, ఆ రబ్బరుతో గట్టిగా కట్టుకున్నాను. నారాయణఖేడ్‌లో నాది మోటర్ వైండింగ్ దుకాణం. బోరు మోటర్ కాలిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే మనూర్ వైపో, సిర్గాపూర్ వైపో పోవాలి. పోయేటప్పుడు ఖాళీ బండి, వచ్చేటప్పుడు వెనక మోటర్. ఆ ఎండలో, ఆ గుంతల రోడ్ల మీద పాట లేకుండా పోవడం నా వల్ల అయ్యేది కాదు. చెవుల్లో పెట్టుకునే వైర్లు నాకు పడవు. చెమటకు జారిపోతాయి, వెనక లారీ వస్తే వినపడదు. అందుకే స్పీకర్. దారిలో ఎవరైనా తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకునేవాణ్ణి. వాళ్ళ ట్రాక్టర్ల మోత కంటే నా పాట నయమే కదా.

ఏ పాటైనా సరే. తెలుగు, హిందీ, పెళ్ళి ఊరేగింపు పాటలు, సరిహద్దు అవతలి కన్నడ జానపదాలు. మాటలు సగం అర్థం కాకపోయినా దరువు బాగుంటే చాలు. దుకాణంలో పొద్దస్తమానం రాగి తీగ చుట్టి చుట్టి వేళ్ళు మొద్దుబారేవి, వార్నిష్ వాసనకు తల పట్టేసేది. బండెక్కి పాట పెట్టుకున్నాకనే నాకు ఊపిరి తిరిగేది.

నాయినకు ఇది నచ్చేది కాదు. ఆయన మా ఊరి భజన మండలిలో ముందు పాడే మనిషి. ఆయన ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. "పాటంటే కూసోని పాడాలె, లేకుంటే నడుసుకుంట పాడాలె. గిట్ల ఉరుకుకుంట ఏం వింటవ్ రా? సగం గాలికే పోతది" అనేవాడు. నేను సౌండ్ ఇంకాస్త పెంచేవాణ్ణి. ఆయన విసుక్కుంటూ లోపలికి పోయేవాడు. తండ్రీకొడుకులం మేం ఆడుకున్న వేళాకోళం అదొక్కటే.

మా వైపు భజన అంటే రెండు సందర్భాలు. ఏకాదశికి గుడిలో కూర్చుని పాడతారు. ఎవరైనా పోతే పాడె ముందు తాళాలు కొడుతూ శ్మశానం దాకా పాడుకుంటూ పోతారు. ఊళ్ళో ఎవరు పోయినా ముందు నడిచింది నాయినే. కులం చూడలేదు, పంచాయితీలు చూడలేదు. ఆయనతో ఏళ్ళ తరబడి మాట్లాడనివాడు పోయినా తాళాలు తీసుకుని బయల్దేరేవాడు. హైదరాబాదుకు కూలికి పోయి అక్కడే కన్నుమూసినవాళ్ళను అంబులెన్సులో తెస్తారు కదా, ఆ డ్రైవర్లు కూడా ఊరి పొలిమేర దగ్గర ఫోన్‌లో భజన పెట్టుకుని లోపలికి వస్తారు. దాంతో పగటిపూట రోడ్డు మీద కదిలే బండిలోంచి భజన వినిపిస్తే మా దగ్గర దానికి ఒకటే అర్థమైంది. శవం వస్తున్నది. మగవాళ్ళు చేతిలో పని వదిలేసి లేచి నిలబడతారు. ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి, బిందెలతో నీళ్ళు తెచ్చి వాకిట్లో పెడతారు. ఇదంతా నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

నాయినకు కడుపులో నొప్పి ఆ వానాకాలం మొదలైంది. ఖేడ్‌లో చూపిస్తే సంగారెడ్డి పొమ్మన్నారు. సంగారెడ్డి దవాఖానలో అన్నీ చూసి, డాక్టర్ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. గడ్డ చాలా దూరం పాకిందని, కోసినా లాభం లేదని, ఇంటికి తీసుకుపోయి తినగలిగింది పెట్టమని చెప్పాడు. బయట బెంచీ మీద నాయిన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "ఏమన్నడు?" అని అడిగాడు.

"ఏం లేదు నాయినా, పుండు అయిందంట. గోలీలతోనే తగ్గుతది."

"గంతేనా?" అన్నాడు. మొహంలో కొంచెం తేట కనబడింది. నేను మందులు తెస్తానని చెప్పి అవతలికి పోయి, గోడ వైపు తిరిగి ఏడ్చాను. మా దగ్గర అమ్మను అవ్వ అంటారు. తర్వాత అవ్వకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. అవ్వ పక్కింటి చిన్నమ్మకు చెప్పింది. ఇక ఊరికి తెలియడానికి ఎంతసేపు? మేం ఇంకా బస్సులో ఉండగానే నాకు ఫోన్లు మొదలయ్యాయి. నాయిన పక్కనే కూర్చుని ఉంటే నేను "ఆ, ఆ" అంటూ పెట్టేసేవాణ్ణి. అందరూ చెప్పింది ఒకటే మాట: ఆయనకు మాత్రం తెలియనీయకు, దిగులుతోనే పోతాడు అని. మా దగ్గర ఇంతే. రోగం సంగతి రోగికి తప్ప ఊరందరికీ చెప్తారు. అది ప్రేమ అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఖేడ్‌లో బస్సు దిగేసరికి ఎండ మండిపోతున్నది. మా ఊరికి ఇంకా చాలా దూరం ఉంది. షేర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని ఆయన కూర్చోలేడు. దుకాణం ముందు నా బండి ఉంది కదా, దాని మీదే పోదామన్నాడు. నా వెనక కూర్చోబెట్టుకుని, ఆయన భుజం మీది తువ్వాలుతో ఇద్దరినీ కలిపి నడుముకు కట్టాను. నా చిన్నప్పుడు ఆయన నన్ను సైకిల్ మీద అట్లాగే కట్టుకునేవాడట. ఇప్పుడు ఆయన బరువు నాకు తెలియనే లేదు. వెనక మనిషి కూర్చున్నట్టే అనిపించలేదు.

గుంత వచ్చినప్పుడల్లా ఆయన మూలుగు నా వీపుకు తగిలేది. ఎంత మెల్లగా పోయినా రోడ్డు రోడ్డే. బోరంచ దారి దాటాక ఆయనే అన్నాడు, "ఏదన్న పాట పెట్టు రా. ఈ నొప్పి మీదికెళ్ళి మనసన్న మళ్ళుతది."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నా పాటలను ఎన్నడూ మెచ్చని మనిషి తనే అడిగాడు. ఆయనకు నచ్చేదే పెట్టాలనుకున్నాను. తొలి ఏకాదశి నాడు గుడిలో వాళ్ళ మండలి పాడింది నా ఫోన్‌లో ఉంది, నేనే రికార్డ్ చేశాను. బండి పక్కకు ఆపి, అది వెతికి, సౌండ్ పూర్తిగా పెంచి పెట్టాను. తాళాలు మోగాయి. ఆయన గొంతే అందుకుంది, నొప్పికి ముందరి గొంతు, నిండుగా. వెనక నాయిన నా భుజం మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆ పైన సన్నగా పాడటం కూడా వినిపించింది. బండి మీది గొంతూ స్పీకర్‌లోని గొంతూ ఆయనదే. పత్తి చేన్ల మధ్య, కంది చేన్ల మధ్య అట్లాగే పోయాం. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నేను రోగాన్ని మర్చిపోయాను.

భజన బండి మీద ఊళ్ళోకి వస్తే ఏమవుతుందో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నా మనసు మనసులో లేదు. ఆయన ఎప్పుడూ పాటతో పాటు నడిచిన మనిషి. ఇంట్లో కూర్చుని అది దగ్గరికి వస్తుంటే వినడం ఎట్లా ఉంటుందో ఆయనకు అనుభవం లేదు.

ఊరి మొదట కిరాణా దుకాణం అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. మా చప్పుడు విని లేచారు. ఒకాయన తలకు చుట్టిన రుమాలు తీసేశాడు. నేను ముందున్నాను కాబట్టి వెనక నాయిన వాళ్ళకు సరిగా కనబడలేదు. నడుముకు కట్టిన తువ్వాలు మాత్రం కనబడి ఉంటుంది. ఒకడు మా బండి కంటే ముందే సందులోంచి మా ఇంటి వైపు ఉరికాడు. నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. ఎవరింట్లోనో ఏదో అయింది కాబోలు అనుకున్నాను.

మా వాడలోకి తిరిగేసరికి వాకిళ్ళలో బిందెలు పెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మా ఇంటి ముందు భజన మండలి వాళ్ళు తాళాలతో సహా వచ్చేశారు. అవ్వ జుట్టు విడిపోయి, రొమ్ము బాదుకుంటూ బండికి ఎదురుగా ఉరికొచ్చింది. పక్కింటి చిన్నమ్మ ఆమెను పట్టుకోలేకపోతున్నది. "నన్ను ఇడిసిపెట్టి పోతివా" అని అవ్వ అంటున్నది. స్పీకర్‌లో నాయిన పాడుతూనే ఉన్నాడు. నా భుజం మీద వేళ్ళు ఆగిపోయాయి.

నేను బండి ఆపి, ఫోన్‌లో పాట ఆపేశాను. నాయిన నా భుజం పక్కగా తల బయటికి పెట్టి చూశాడు. అవ్వ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మండలిలో ఒకాయన తాళాలు మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. నాయిన ఆ తాళాలను చూశాడు, బిందెలను చూశాడు, అవ్వ జుట్టును చూశాడు. తువ్వాలు ముడి తనే విప్పుకున్నాడు. దిగి, నా చెయ్యి పట్టుకోకుండానే నడిచి, వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

"ఇంక ఉన్ననే, ఏడ్వకు" అన్నాడు అవ్వతో. తర్వాత నా వైపు చూశాడు.

"గింత మందికి చెప్పినవ్. నాకొక్కనికి చెప్పనీకె నోరు రాలేదా?"

ఆయన కోపంగా అడిగి ఉంటే బాగుండేది. దాహమేస్తే నీళ్ళు అడిగినంత మెల్లగా అడిగాడు.

ఆ మర్నాడే స్పీకర్ విప్పి దుకాణంలో ఒక మూలన పడేశాను. నాయిన కంది కోతల దాకా ఉన్నాడు. రోజురోజుకూ చిక్కిపోయాడు, చివరికి నీళ్ళు కూడా దిగలేదు. అయితే ఆ రోజు తర్వాత ఆయన తన చావు గురించి దాచకుండా మాట్లాడేవాడు. అవ్వతో మాట్లాడేవాడు, మంచం చుట్టూ చేరిన మండలి వాళ్ళతో గంటలు గంటలు మాట్లాడేవాడు. నేను వస్తే మాత్రం మాట మారేది. "ఇయ్యాల ఎవని మోటర్ కాలింది రా?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. సిర్గాపూర్‌లో ఫలానా రైతుది, కరెంటు ఎక్కువ తక్కువై కాలింది అని. ఆయన శ్రద్ధగా వినేవాడు. నన్ను క్షమించాడనే అనుకున్నాను, నన్ను ఏడిపించకూడదని అట్లా మాట్లాడుతున్నాడని అనుకున్నాను. ఆ ధైర్యంతోనే రోజూ దుకాణానికి పోయేవాణ్ణి.

ఒక పొద్దున ఆయన పోయాడు. పాడె కట్టారు. నిప్పు కుండ నా చేతికిచ్చి ముందు నడవమన్నారు. కుండ పట్టుకున్నవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. పాడె ఎత్తారని కాళ్ళ చప్పుడును బట్టి తెలిసింది. తాళాలు ఇప్పుడు మోగుతాయి, ఇప్పుడు మోగుతాయి అని చూస్తూ నడిచాను. కిరాణా దుకాణం దాటాం. ఊరి చివరి ఇల్లు దాటాం. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతమంది పాడెల ముందు పాడిన మనిషికి పాట లేకుండా పోవడమా అని నాకు కోపం ముంచుకొచ్చింది. నా పక్కన నడుస్తున్న మండలి పెద్దాయనను అడిగాను.

"ఏంది కాకా, పాట ఎందుకు ఎత్తుకుంటలేరు?"

ఆయన విస్తుపోయి నా మొహంలోకి చూశాడు.

"మీ నాయిన వద్దన్నడు కదరా. మా అందరితోని ఒట్టు పెట్టిచ్చుకుండు. నా భజన అయిపోయింది, మొన్న బండి మీద నా కొడుకు వినిపిచ్చిండు, మల్లొకసారి ఎందుకు అన్నడు. మీ అవ్వకు తెల్సు, వాడకంత తెల్సు. నీకు చెప్పలేదా?"