తాతగారు వదిలిన ఖాళీ

ఆ గాజుపెంకు పెట్టింది నేనని ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో వాన గురించే రాసుకున్నాను.

తెనాలిలో మా పక్కింటి తాతగారు వయసులో ఉండగా మలేషియాలో పడవలు కట్టే షెడ్డులో పనిచేశారు. అక్కడి మలయ్ మేస్త్రి ఒకాయన పనితోపాటు ఒక నమ్మకం కూడా నేర్పాడట. పారేసిన కొయ్యలో, తుప్పు మేకులో కూడా ఊపిరి ఉంటుంది. సలాం చెప్పి, అడిగి తీసుకోవాలి. చేసిన బొమ్మలో ఎక్కడో ఒక చోటు ఖాళీగా వదలాలి, అది దేవుడిది. తాతగారు సూర్యలంక ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్యలూ, రేపల్లె రేవులో విరిగిన పడవ చెక్కలూ ఏరుకొచ్చి, అల్లా పేరు మెల్లగా తలుచుకుంటూ బొమ్మలుగా జతచేసేవారు.

"చెత్తకి సలామేంటండీ? మాకు పెడితే టీ అన్నా ఇస్తాం" అనేది అమ్మ.

"మీరింకా ఒడ్డుకి కొట్టుకురాలేదు కదమ్మా" అనేవారు ఆయన.

నాకు ఆయన అరుగు ఇష్టం. అక్కడ మాట్లాడక్కర్లేదు, మేకులు అందిస్తే చాలు.

బాపట్లలో ఒక కాలేజీవాళ్లు ప్రదర్శనకు పిలిచారు. పడవ చెక్కలతో చేసిన పక్షికి కన్ను ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఎందుకో నాకు తెలుసు. అయినా చూసినవాళ్లు పని సగంలో వదిలేశారని నవ్వుతారేమోనని భయం వేసింది. ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, రేవులో దొరికిన నీలం గాజుపెంకు అందులో అతికించాను.

"కన్ను భలే కుదిరిందండీ సాయిబుగారూ" అన్నారు ప్రదర్శనలో ఆ కాలేజీ లెక్చరర్ ఒకాయన.

తాతగారు పెంకును వేలితో తడిమారు. "నేను పెట్టలేదే."

"మర్చిపోయుంటావు నాన్నా. మొన్న పొయ్యి కట్టేయడం మర్చిపోలేదా?" అన్నాడు ఆయన కొడుకు.

తాతగారు తన చేతివేళ్ల వంక చూసుకున్నారు. నేను పక్కనే నిలబడి, పక్షి కింద పెట్టడానికి నేనే రాసిన పేరు చీటీని మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

ఆ తర్వాత ఆయన ఉలి పట్టలేదు. ఏం చేస్తోందో తెలియని చేత్తో ఆ పని చేయకూడదన్నారు. కొన్నాళ్లకు రేపల్లెలో కూతురింటికి వెళ్లిపోయారు. చెప్పేద్దామనే ఒకసారి రైలెక్కి వెళ్లాను. నేను నోరు విప్పేలోపే ఆయన అడిగారు.

"నువ్వక్కడే ఉండేదానివి కదమ్మాయీ. ఆ పెంకు నేనే పెట్టానా?"

"అవునండి" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది.

"పోన్లే తల్లీ. ఇన్నాళ్లూ మావాడే పెట్టి నా మతిమరుపు మీదకి తోశాడేమోనని వాడితో సరిగ్గా మాట్లాడలేదు."