దెబ్బలు తినే స్టూలు

రోజూ పొద్దున్నే మెషీను ముందు కూర్చోబోతూ ఆమె చంకకర్రతో ఆ గుండ్రటి స్టూలును నాలుగు బాదుతుంది. దుమ్ము రెండు దెబ్బలకే పోతుంది. మిగతా రెండూ కసికొద్దీ.

"వదినా, ఇంకా చావలేదా అది?" అంటుంది గోడ అవతలి నుంచి పక్కింటావిడ.

"చస్తే నాకు పొద్దెలా పోతుంది?"

బళ్ళకు సీటు కవర్లు కుట్టడం ఆమె పని. ఒకరోజు కుట్టిన కవర్లు వేసుకుని మొగుడి వ్యానులో వెళ్తుంటే, వేయించి నెల తిరగని టైరు పేలి వ్యాను పల్టీ కొట్టింది. ఆయన గీతలతో బయటపడ్డాడు. ఆమెకు కుడికాలు మోకాలి కిందనుంచి పోయింది. అంతకన్నా మండించింది టైర్ల కంపెనీ అన్న మాట: గాలి ఎక్కువ పెట్టించిన డ్రైవరుదే తప్పు! ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. కంచం ముందు కూర్చుని కూడా, "నేనే పెట్టించానేమోనే" అనేవాడు.

ఆ మాట కంపెనీ చేతే మింగించాలని ఆమె పంతం పట్టింది.

కేసు వేసిన వకీలమ్మ, వ్యాను బాగుచేసిన షెడ్డు నుంచి ఆ పేలిన టైరు తెప్పించి ఆమెకు అప్పజెప్పింది. "ఇది పోతే కేసు పోయినట్టే. ఎంత తియ్యగా అడిగినా ఎవరికీ ఇవ్వకు."

మొగుడు ఇంట్లో లేని పూట ఆమె టైరు మీద స్పాంజి పరిచి, ఎర్ర రెక్సిను తొడిగి, చుట్టూ కుట్టేసింది. ఆయనకీ చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

కొన్నాళ్ళకు కంపెనీ మనిషి పళ్ళబుట్టతో వచ్చాడు. ఆమె స్టూలు చూపించింది. కూర్చున్నాడు.

"ఆ పాత టైరు ఉంటే ఇవ్వండమ్మా, మావాళ్ళు పరీక్ష చేస్తారు."

"అలాంటి దరిద్రాన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా బాబూ?"

"పోనీలెండి," అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు. "స్టూలు భలే మెత్తగా ఉందండీ."

"మీకోసమే కుట్టాను."

ఆ ధీమాతోనే కంపెనీ కోర్టులో పాత పాటే పాడింది. టైరేదని జడ్జి అడిగాడు. ఆమె నేలమీద చతికిలబడి, వెంట తెచ్చిన స్టూలు కుట్లు కత్తెరతో విప్పసాగింది. ఎర్ర రెక్సిను గుర్తుపట్టిన కంపెనీ మనిషి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఆమె తొందరపడలేదు. ఒక్కో కుట్టూ అతని వంకే చూస్తూ విప్పింది.

కోర్టు పంపిన నిపుణుడు టైరు కోసి చూశాడు. గాలి తప్పు కాదు, లోపలి పొరలు తయారీలోనే అతుక్కోలేదు. కంపెనీ పరిహారం కట్టింది. ఆమెకది చాలలేదు. ఆ మనిషి వచ్చి తన మొగుడి ఎదుట "మీ తప్పు లేదు" అనాలంది. వచ్చి గొణిగాడు.

"వినపడలేదు," అంది. మళ్ళీ అన్నాడు. మూడోసారీ ఆమెకు వినపడలేదు.

అతను వెళ్ళాక మొగుడు, "రెండేళ్ళు దానిమీదే కూర్చోబెట్టి నాకు టీ ఇచ్చావు కదే, రాక్షసీ!" అని నవ్వాడు. మర్నాడు వ్యాను తీశాడు.

కోర్టు తిరిగిచ్చిన టైరుకు ఆమె కొత్త కవరు తొడిగింది. టైరు పేలి దెబ్బతిన్నవాళ్ళెవరొచ్చినా, ముందుగా ఆ స్టూలు చూసి రమ్మంటుంది వకీలమ్మ. కవర్లు ఆమె ఇప్పుడు కాలితో తొక్కక్కర్లేని మోటారు మెషీను మీద కుడుతోంది. ఏ బండి వచ్చినా ముందు వంగి టైర్లు చూస్తుంది. ఆ కంపెనీవైతే కవర్లు కుట్టదు.