వెల్డింగ్ షెడ్డు ముందు నిలబడ్డ మనిషి

కాజీపల్లిలో మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు రేడియోలో గరగర మొదలైతే కాలు నిలిచేది కాదు. "మల్ల షురూ జేసిండు!" అంటూ కొంగు బిగించి వెనక వెల్డింగ్ షెడ్డు వాడి మీదికి గొడవకు వెళ్లేది. సిగ్నల్ అసలే బలహీనం. అక్కడ మిషన్ ఆన్ చేస్తే ఇక ఒక్క మాట వినబడదు. రేడియో స్టేషన్‌కు నేను మూడు ఉత్తరాలు రాస్తే, మీ ప్రాంతంలో ప్రసారం బాగానే అందుతోందని జవాబు వచ్చింది. ఆ కాగితం చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బడి మెట్లెక్కకుండా అమ్మ దగ్గరే చదువూ పాటా నేర్చుకున్నదాన్ని. అలాంటి నా చేత ఆ స్టేషన్ వాళ్లే ఒక భక్తిపాట పాడించారు. మధ్యాహ్నం ఒక్కసారే వేస్తామన్నారు. ఓనరమ్మా నేనూ రేడియో ముందు కూర్చున్నాం. నా పేరు చెబుతుండగానే గరగర మొదలైంది.

"నువ్వు కూసో బిడ్డా, నేను పోయొస్త," అని ఆమె పరుగెత్తింది. నిమిషంలో గరగర ఆగి నా గొంతు స్పష్టంగా వినిపించింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. పాట అయిపోయినా ఆమె రాలేదు.

"నేను జెర పక్కకు జరిగితే మల్ల ఆన్ జేస్తడని ఆడనే నిలవడ్డ," అంది తిరిగొచ్చి. "సాఫ్ ఒచ్చిందా?"

వచ్చిందన్నాను. వినాల్సిన మనిషే వినలేదని ఏడుపొచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని అదే పాట అందుకున్నాను. రెండో చరణంలో రేడియో మళ్లీ గరగరమంది. ఆమె లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, రేడియో కట్టేసి, పాట పూర్తిచేశాను.