శనివారం కోతులు

చేవెళ్ల రోడ్డు దిగి మా ఊరు హిమాయత్‌నగర్‌లోకి వస్తుంటే మొదట కనబడే కిరాణా దుకాణం మాదే. ప్రతి శనివారం షట్టరు ఎత్తగానే అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు అరుగు మీద పోసి, ఊరి పక్క గుట్ట నుంచి వచ్చిన కోతులకు ఆంజనేయస్వామి పేరున దండం పెట్టుకునేదాన్ని. బడికి పోని నాకు నాన్న గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు. దుకాణం నడిచింది, పిల్లలు చల్లగా ఉన్నారు. ఇంత ఇచ్చిన స్వామికి గుప్పెడు శనగలు ఎక్కువా అనుకునేదాన్ని.

కిందటి వానాకాలం ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. యూనివర్సిటీలో అడవి జంతువుల ఆవాసాల గురించి పాఠాలు చెబుతుందట. గుట్ట మీదే కోతులకు తిండీ నీడా దొరికేలా చేయాలని పని పెట్టుకుంది. కొన్ని శనివారాలు మా అరుగు మీద కూర్చుంది.

"తిన్నాక ఇవి ఎటు వెళ్తాయమ్మా?" అని అడిగింది.

నేనెన్నడూ చూడలేదు. అప్పటికి గిరాకీ మొదలయ్యేది. ఆమె ఫొటోలు తీస్తుంటే, నా సేవను పెద్దచదువుల మనిషి గుర్తించిందని పొంగిపోయి చాయ్ పోశాను.

తర్వాత గ్రామపంచాయతీలో మీటింగు పెట్టి, ఆ ఫొటోలు గోడ మీద చూపించింది. గుట్ట మీద మేడి, వెలగ, నేరేడు నాటిస్తామని, కానీ రోడ్డు మీద తేరగా దొరికినన్నాళ్లు కోతులు అటు పోవని చెప్పింది. ఇక్కడికి అలవాటుపడి, పెట్టింది చాలక పక్క చేలల్లో పడతాయంది. నా పేరెత్తలేదు, అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ గోడ మీద ఉన్నది మా ఆకుపచ్చ షట్టరు. ఆ పక్క ఫొటోలో మా దుకాణం వెనక మక్కజొన్న చేను, కొరికి పారేసిన కంకులు.

ఆ చేను పక్కింటామెది. ఈ పంట కూడా పోతే వ్యవసాయం మానేసి చందనవెల్లి ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి పోతానని ఆ వారమే నాతో అన్నది. దేవుడున్నాడని నేను ఆమెను ఓదార్చాను కూడా.

"పుణ్యం సావుకారమ్మకు, నష్టం మనకా!" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను తలెత్తలేదు.

పక్కింటామె లేచింది. "మీకేం నొప్పి? పోయింది నా మక్క. మా అక్క ఆకలైనదానికి పెట్టింది, దొంగతనం చెయ్యలె."

ఆమె తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఇంటికి వస్తూ అడిగాను. "నీకు ముందే తెలుసా?"

"తెల్వకేం అక్కా. నా కండ్ల ముంగటనే తిని చేన్లకు దుంకుతయి."

"మరి నాకొక్క మాట చెప్పకపోతివి?"

"దేవుని పేరు మీద పెడుతున్నవు. ఎట్ల చెప్పాలె?"

నేను దండం పెట్టి కళ్ళు మూసుకున్న ప్రతి శనివారం, ఆమె మా గోడ వెనక డబ్బా కొడుతూ చేనంతా ఉరికేది. ఆ చప్పుడు నాకు వినబడేది. పిల్లలు ఆడుకుంటున్నారనుకునేదాన్ని.

మరుసటి శనివారం పెట్టలేదు. ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు చేల మీద ఇంకా ఎక్కువ పడతాయని ప్రొఫెసరమ్మ చెప్పింది గనుక, దుకాణం కోడలికి అప్పగించి, కట్టె పట్టుకుని నేనే పక్కింటామె చేను కావలికి పోయాను.

ఆమె డబ్బా చప్పుడుకు అటువైపు కోతులు చెదిరిపోయాయి. నావైపువి పారిపోలేదు. నన్ను గుర్తుపట్టి చుట్టూ చేరాయి. పిల్లను హత్తుకున్న తల్లికోతి ఒకటి నా కుచ్చిళ్ళు పట్టుకుని చెయ్యి చాచింది.

"అక్కా, కావలికొచ్చినవా, గుడికొచ్చినవా?" అని పక్కింటామె నవ్వింది. నా ముఖం చూసి ఆగిపోయింది.

కట్టె నేలకేసి కొట్టాను. తల్లికోతి కదల్లేదు. ఇంకా ఏదో పెడతానని నా కళ్ళలోకి చూసింది. స్వామీ క్షమించు అనుకుని మట్టిపెళ్ళ తీసి విసిరాను. అది దాని పక్కనే పడి పగిలింది. పిల్లను పొట్టకు అదుముకుని గుట్ట దిక్కు ఉరికింది.

పక్కింటామె దగ్గరకు వచ్చి నిలబడింది.

"గట్లనే అక్కా, ఇంకోటి తియ్యి. ఈ కంకులు చేతికొస్తే నేను యాడికీ పోను."

వంగి ఇంకో పెళ్ళ తీసుకున్నాను.