మాతు చేచి విన్న చివరి అధ్యాయం

మా బీడీల షెడ్డులో మాతు చేచి కంటే వేగంగా చుట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమెలా వినేవాళ్ళు మాత్రం లేరు. చేచి అంటే మా వైపు అక్క. వళపట్టణం ఏటి పక్కన ఆ రేకుల కప్పు కింద, ఒళ్ళో చేట పెట్టుకుని వరసగా కూర్చుంటాం. మధ్యలో పీట మీద ఒక మనిషి మాకు చదివి వినిపిస్తాడు. పొద్దున పేపరు, గంజి తాగాక నవల. చదివే మనిషి బీడీలు చుట్టలేడు గనక అతని వాటా మేమే చుట్టి, తలా కొన్ని అతని చేటలో వేస్తాం.

ఆ పీట మీద ఎక్కువ కాలం కూర్చున్నది అనంతేట్టన్, మా అనంతన్న. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. మాతు భర్త ఎప్పుడో కొడగు కాఫీ తోటల్లో పనికని వెళ్ళాడు. తిరిగి రాలేదు, పోయాడన్న కబురూ లేదు. ఆమెకు చదువు రాదు. వానాకాలం వస్తే చాలు, "ఏట్టా, ఆ లంక కథ చదవండి" అనేది. అది మా అమ్మల కాలం నాటి నవల, మేం విన్నది మాత్రం ఆయన నోటే. ఏటి మధ్య లంకలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. చేపల వేటకెళ్ళి రాని మొగుడి పిలుపు రోజూ సాయంత్రం అవతలి ఒడ్డు నుంచి ఆమెకు వినబడుతుంది. చివరి అధ్యాయంలో అతను పడవ దిగి, తడికాళ్ళతో గుమ్మంలో నిలబడి, "అన్నం ఉందా?" అంటాడు. అక్కడికొచ్చేసరికి తాంబూలం ఉమ్మడానికి కూడా ఎవరూ లేవరు. కత్తెరలతో చేటల అంచుల మీద టకటకా కొడతాం. అవే మా చప్పట్లు. మాతు కొట్టేది కాదు. కళ్ళు మూసుకుని వినేది, ఇంటికెళ్ళి ఇద్దరికి వండేది.

"ఎవరికి చేచీ ఆ రెండో కంచం?" అని ఒకసారి దెప్పాను.

"కథ వినలేదా రోహిణీ? చెవుల్లో తంబాకు కూరుకున్నావా?" అంది.

పోయిన ఏడాది వానలు జోరుగా పడే కర్కాటక మాసంలో నవల చివరికి వస్తుండగా అనంతేట్టన్ జ్వరమొచ్చి చనిపోయాడు. ఆయన పోయాక పయ్యన్నూరు నుంచి ప్రసీత అనే పిల్ల పనిలో చేరి, పీట ఎక్కింది. ఆయన్ను చూసి ఎరగదు, ఆయన గొంతు వినీ ఎరగదు. పేపరు చదివేది, చిన్న కథలు చదివేది. ఆ నవల జోలికి మాత్రం పోనిచ్చేవాళ్ళం కాదు.

అప్పుడు మొదలైంది. సాయంత్రం చూస్తే ప్రసీత చేటలోనే కాదు, గోడకు చేర్చిన అనంతేట్టన్ చేటలో కూడా బీడీలు ఉండేవి.

"అలవాటుపడ్డ చేతులు కదా, వేసేసి ఉంటాయి" అన్నాడు నా పక్కన చుట్టే కోరన్.

"నీ చేతులేనా?" అన్నాను.

"నావి కాదు. నీవి?"

నావీ కాదు. ఎవరూ ఒప్పుకోలేదు. చేటను అటక మీద పెట్టేశాం. మర్నాడు చేట ఉండే చోట నేల మీదే బీడీలు కుప్పగా పడి ఉన్నాయి.

"ఏట్టన్ సగంలో వదిలేసి పోయాడుగా. ఆ చివరి అధ్యాయం చదివెయ్ పిల్లా" అంది మాతు.

వాన రేకుల మీద మోగుతుంటే ప్రసీత చదివింది. పుస్తకంలో పడవ దిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఆడమనిషి తలుపు తీస్తే బయట నీళ్ళు తప్ప ఏమీ లేవు. మొగుడు మునిగిపోయి ఏళ్ళయిందట. ఖాళీ కంచానికి వడ్డిస్తూ, గాలితో మాట్లాడుతూ ఆమె ముసలిదైపోయిందట. అదే ముగింపు.

ఒక్క కత్తెర కూడా మోగలేదు. ఇన్నేళ్ళూ పుస్తకం ముందు పెట్టుకుని, అందులో లేని ముగింపు చదివాడు ఆ మహానుభావుడు. ఎవరి కోసమో మాతుకు తప్ప షెడ్డులో అందరికీ తెలుసు. ఆమెనే చూస్తూ బతికాడు. తన కోసం ఒక్క మాట అడగకుండా, ఏటేటా ఆమె మొగుణ్ణి తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"అంటే రాడా?" అంది మాతు.

ఎవరో ఒకరు చెప్పాలి. "రాడు చేచీ. ఇంకెన్నాళ్ళు చూస్తావు? ఆ కంచం కడిగి బోర్లించెయ్" అన్నాను. ఆమె తలూపింది.

ప్రసీత పుస్తకం మూసింది. మూసిన పుస్తకం ఒళ్ళో ఉండగానే మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. పడవ ఒడ్డుకు తగలడం, తడికాళ్ళ చప్పుడు, పుస్తకంలో లేని ఆ మాటలన్నీ పొల్లుపోకుండా వచ్చాయి. వాక్యానికీ వాక్యానికీ మధ్య అనంతేట్టన్ దగ్గే చిన్న దగ్గు కూడా వచ్చింది. "ఆపవే" అన్నాను. ఆ పిల్ల బెదురుకళ్ళతో నన్ను చూసి, ఆపలేనన్నట్టు తల అడ్డంగా ఊపింది. నోరు మాత్రం ఆగలేదు.

"అన్నం ఉందా, మాతూ?"

నవలలో ఆ ఆడమనిషి పేరు అది కాదు. బతికుండగా ఆయన ఆ పేరు పెట్టి పిలవగా మేమెవరమూ వినలేదు.

మాతు చేచి ఒళ్ళో చేట దింపి లేచి నిలబడింది. ప్రసీత వైపు చూడలేదు. గుమ్మం వైపు చూసి, పైట సర్దుకుంది.

"ఉంది అనంతేట్టా. రండి" అంది.