బొమ్మ ఇంజనుకు బరువు

తొంభైల చివర బత్తలపల్లెలో నాకు బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి ఉండేది. బోర్లలో నీళ్లే లేని ఏడాది మోటార్లు తిరగనూ లేదు, కాలిపోయి నా దగ్గరికి రానూ లేదు. చేతులు ఊరుకోక బెంగుళూరు నుంచి బొమ్మ రైలు తెచ్చుకున్నాను. ఇద్దరు పిల్లల తండ్రికి ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వారు. నేనేం సిగ్గుపడలేదు.

నాయన మాత్రం నవ్వలేదు. ఆయన గూడ్సు బండ్లు నడిపినవాడు. ఒకసారి రాళ్ల లోడుతో దిగుడులో వస్తూ, ఎర్ర సిగ్నలు దాటి ఇంజను పొడవంత ముందుకు పోయినాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆయన్ను బండి దింపి ఇంజన్ల షెడ్డులో కూర్చోబెట్టారు. ఏదో గొడవలో ఒకరోజు నేను, "నిద్రపోయింటావులే" అనేశాను. ఆ తర్వాత ఇంట్లో ఆ ప్రస్తావనే రాలేదు.

ఆ బొమ్మ రైలుది పాత పద్ధతి. పట్టాలకు కరెంటు తగ్గిస్తే బండితోపాటు దీపమూ నీరసపడేది, ఆపేస్తే ఠక్కున నిలిచిపోయేది. "బండి యాడైనా ఇట్ల నిలబడతాదా?" అని నాయన లేచి వెళ్లిపోయేవాడు.

కొన్నేళ్లకు డిజిటల్ కంట్రోలు తెప్పించాను. దీంట్లో పట్టాలకు ఎప్పుడూ నిండు కరెంటే. ఇంజను లోపలుండే చిప్పు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే వింటుంది. అందుకే ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు వేర్వేరుగా నడుస్తాయి, నిలబడినా దీపం వెలుగుతూనే ఉంటుంది. బండి బరువు కూడా అంకెల్లో పెట్టొచ్చు. అంకె పెంచినకొద్దీ మెల్లగా కదిలి, మెల్లగా ఆగుతుంది.

ఒక ఆదివారం పట్టాల మీది ఎర్రదుమ్ము తుడిచి, పక్కన ఒక అగ్గిపుల్లను సిగ్నలుగా నిలబెట్టి, నాయన ముందే నడిపాను. అగ్గిపుల్ల జానెడు దూరంలో ఉండగా వేగం సున్నాకు తిప్పాను. బండి అగ్గిపుల్లను దాటి చాలా దూరం పోయింది.

"ఇప్పుడు బండి మాదిరి ఉండాది" అని నాయన చేయి చాపాడు. కంట్రోలు తీసుకుని, నాకంటే మూడు జానలు ముందే సున్నా చేశాడు. బండి జారుకుంటూ వచ్చి సరిగ్గా అగ్గిపుల్ల ముందర నిలిచింది.

"బరువు ఇంకొంచెం పెంచు" అన్నాడు. పెంచాను. మళ్లీ అదే చోట సున్నా చేశాడు. ఈసారి బండి అగ్గిపుల్లను దాటి, ఇంజను పొడవంత ముందుకు పోయి ఆగింది.

"ఆ పొద్దు గూడా ఈడనే బ్రేకు వేసినా. రాయి కాగితంలో రాసిందానికంటే ఎక్కువ నింపినారు. చెప్తే ఎవురూ వినలేదు" అన్నాడు. కంట్రోలు బల్ల మీద పెట్టి, "నిద్రపోలేదప్పా నేను" అన్నాడు.

నేను ఆ మాట అని అప్పటికి పదేళ్లు. తప్పయిపోయింది నాయనా అన్నాను.